రోమా పాస్ గిట్టుబాటేనా? బరంపురం నుంచి ఒక్కరే రోమ్ వెళ్ళేవారికి లెక్కలతో సహా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి రోమ్ వెళ్ళాలని ఏజెంటు దగ్గర కూర్చుంటే, ఇచ్చే కొటేషన్‌లో ‘రోమా పాస్’ (రోమ్ మ్యూజియంల ప్రవేశం, ఊళ్ళో మెట్రో, బస్సు ప్రయాణం కలిపి అమ్మే కార్డు) అని ఒక లైను ఉండే అవకాశం ఎక్కువ. ఆ లైను ఉంచుకోవాలా, కొట్టేయించాలా? మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మూడు రోజులుండి, ఊరి నడిబొడ్డున బస చేసి, కాళ్ళల్లో సత్తువ ఉన్న ఒంటరి ప్రయాణికులకు ఈ పాస్ గిట్టదు. బస దూరంగా తీసుకుని రోజుకు ఐదారుసార్లు మెట్రోనో బస్సో ఎక్కేవాళ్ళకు, మూడు నాలుగు మ్యూజియంలు చూసి తీరాలనుకునేవాళ్ళకు గిడుతుంది. తేడా ఎక్కడ వస్తుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

పాస్ రెండు రకాలు. 2025 ధరల ప్రకారం 48 గంటలది 36.50 యూరోలు, 72 గంటలది 58.50 యూరోలు. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి పెద్ద పాస్ అంటే దగ్గర దగ్గర ఆరు వేలు. 48 గంటల పాస్‌తో మొదట చూసే ఒక్క చోటికి ప్రవేశం ఉచితం. 72 గంటలదానితో మొదటి రెండు చోట్లకు ఉచితం. ఆ తర్వాత జాబితాలో ఉన్న మిగతా చోట్ల టికెట్టులో తగ్గింపు ఉంటుంది. రెండింటికీ ఊళ్ళోని మెట్రో, బస్సు, ట్రామ్ ప్రయాణం కలిసి ఉంటుంది.

ఇప్పుడు విడివిడిగా కొంటే ఎంతవుతుందో చూద్దాం. రోమ్ నగర రవాణా వాళ్ళ 72 గంటల టికెట్ 22 యూరోలు, 48 గంటలది 15, 24 గంటలది 8.50. కొలోసియం అనే పాత రోమన్ క్రీడారంగం మామూలు టికెట్ 18 యూరోలు. అందులోనే రోమన్ ఫోరం, పలటైన్ కొండ కూడా వస్తాయి. 72 గంటల పాస్ ధరలోంచి రవాణా 22, కొలోసియం 18 తీసేస్తే 18.50 మిగిలింది. అంటే రెండో మ్యూజియం టికెట్ 18.50 యూరోలైతేనే ఎక్కడి లెక్క అక్కడికి సరిపోతుంది. అంత ధర ఉన్న మ్యూజియంలు తక్కువే. ఇక 48 గంటల పాస్‌లో రవాణా 15 తీసేస్తే మిగిలేది 21.50. దాంతో 18 యూరోల కొలోసియం చూస్తే, మూడున్నర యూరోలు ఎదురు కట్టినట్టు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు 48 గంటల పాస్ కొనడానికి మాకు ఒక్క కారణమూ కనిపించలేదు.

పైగా ఈ లెక్క కూడా రవాణా టికెట్‌ను పూర్తిగా వాడుకుంటారనుకుని వేసింది. నిజానికి రోమ్‌లో చూడవలసినవి చాలావరకు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కొలోసియం నుంచి కాపిటోలిన్ కొండకు, అక్కడి నుంచి పాంథియోన్ అనే పాత గుడికి, అక్కడి నుంచి నవోనా చౌకుకు నడిచే వెళ్ళాలి. ఆ సందుల్లోకి మెట్రో రాదు. బస్సెక్కితే ట్రాఫిక్‌లో నిలబడిపోతుంది. నడవగలిగిన మనిషికి రోజుకు రెండు మూడు ప్రయాణాలు చాలు. ఒక్కో ప్రయాణం టికెట్ 1.50 యూరోలు, మిషన్‌లో ముద్ర కొట్టినప్పటి నుంచి 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ వంద నిమిషాల్లో బస్సులు ఎన్నైనా మారవచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే. రోజుకు మూడు చొప్పున మూడు రోజులకు 13.50. పాస్‌లో రవాణా విలువ 22 అని చూపించినా మీ చేతికి అందేది 13.50 మాత్రమే. అప్పుడు రెండో మ్యూజియం టికెట్ 27 యూరోలుంటే తప్ప పాస్ డబ్బు వెనక్కి రాదు.

టికెట్ కాగితాలు కొనే పని కూడా లేదు. మెట్రో గేటు దగ్గర, బస్సులోని మిషన్ మీద కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఆనిస్తే 1.50 కోసుకుంటుంది. 24 గంటల్లో ఎక్కువసార్లు ఎక్కితే వసూలు 24 గంటల టికెట్ ధర దగ్గర ఆగిపోతుంది. అయితే రోజంతా ఒకే కార్డు ఆనించాలి. పొద్దున కార్డు, మధ్యాహ్నం ఫోను అంటే, ఖాతా ఒకటే అయినా, అది రెండు వేరువేరు కార్డులుగానే లెక్కకు వస్తుంది. బస్సు మారిన ప్రతిసారీ మళ్ళీ ఆనించాలి. వంద నిమిషాల లోపైతే రెండోసారి డబ్బు పోదు, కానీ ఆనించకపోతే తనిఖీలో టికెట్ లేనట్టే. జరిమానా 50 యూరోల పైనే.

ఇక్కడ మనవాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన బ్యాంకు కార్డులకు విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం రెండూ మొదట ఆపేసి ఉండవచ్చు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అది. బ్యాంకు యాప్‌లో రెంటినీ విడివిడిగా ఆన్ చేసుకోవాలి. విదేశీ వాడకం ఒక్కటే ఆన్ చేసి కాంటాక్ట్‌లెస్ మరిచిపోతే దుకాణాల్లో కార్డు పనిచేస్తుంది గానీ మెట్రో గేటు తెరుచుకోదు. ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేయకపోతే యాప్‌లోకి వెళ్ళడమే కష్టమవుతుంది కనుక బరంపురంలో ఉండగానే ఈ పని ముగించాలి. వీసా లేదా మాస్టర్‌కార్డు గుర్తున్న కార్డులు రెండు, వేరువేరు బ్యాంకులవి, వేరువేరు జేబుల్లో ఉంచుకోవాలి. పక్కన మనిషి ఉంటే వాళ్ళ కార్డు ఆసరా అవుతుంది, ఒంటరి మనిషికి రెండో కార్డే ఆసరా. చెల్లించేటప్పుడు మిషన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాళ్ళది అవుతుంది, మీ బ్యాంకుది కాదు.

పాస్‌లో అసలు లోపం ధర కన్నా కొలోసియం దగ్గర బయటపడుతుంది. పాస్ చేతిలో ఉంటే నేరుగా లోపలికి వెళ్ళిపోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. పాస్ ఉన్నా ఏ రోజు, ఏ వేళకు వస్తారో ముందుగా బుక్ చేసుకోవాలి. పాస్ వాళ్ళకని విడిచిపెట్టే స్థలాలు పరిమితం. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రద్దీ రోజుల్లో పాస్ కొని, తర్వాత వేళ దొరక్క, ఉచితం కావలసిన మొదటి చోటునే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మొదట వేళ దొరుకుతుందో లేదో చూసుకోవాలి, దొరికాకే పాస్ కొనాలి. భద్రతా తనిఖీ వరుస అందరికీ ఒకటే, పాస్ దాన్ని దాటించదు.

విడిగా కొనేవాళ్ళకు కొలోసియం టికెట్లు అధికారిక వెబ్‌సైటులో సందర్శనకు 30 రోజుల ముందు తెరుచుకుంటాయి. 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద సందర్శకుడి పేరు ముద్రిస్తున్నారు, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. తెలుగు పేర్లకు ఇక్కడ జాగ్రత్త అవసరం. మన ఇంటిపేరు కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరిది గివెన్ నేమ్‌లోనే కలిసిపోతుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ. ఇటాలియన్ ఫారంలో ‘కొన్యోమె’ అంటే ఇంటిపేరు, ‘నోమె’ అంటే మనిషి పేరు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే రాయాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ఇచ్చిన పేరును రెండు ముక్కలు చేసి నింపండి, కానీ ఆధార్‌లో ఉందని కొత్త ఇంటిపేరు చేర్చకండి. గేటు దగ్గర చూసేది పాస్‌పోర్టునే. రోమా పాస్ కార్డు కూడా ఒక్కరిదే, దాని మీదా పేరు రాసి సంతకం పెట్టాలి.

కొలోసియం అంత కష్టపడి చూడవలసిందేనా అంటే, తప్పకుండా చూడవలసిందే. వెస్పాసియన్ చక్రవర్తి కాలంలో మొదలుపెట్టి, అతని కొడుకు టైటస్ కాలంలో, క్రీ.శ. 80లో ప్రారంభించిన కట్టడం అది. దాదాపు 50 వేల మంది పట్టేవారని అంచనా. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: ఇద్దరికీ ముగ్గురికీ దొరకని వేళల్లో ఒక్క టికెట్ మిగిలి ఉంటుంది. నెల ముందు దొరకలేదని నిరాశపడకుండా రోజూ ఓసారి సైటు తెరిచి చూస్తుంటే ఒంటరి సీటు దొరకడం కష్టమేమీ కాదు. పాస్ కోటాకు కట్టుబడకుండా విడి టికెట్ కొనమని మేము చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పాస్‌లో లేనివి తెలుసుకుంటే దాని విలువ ఇంకా తగ్గుతుంది. వాటికన్ మ్యూజియంలు అందులో లేవు. 1929 ఒప్పందంతో వాటికన్ వేరే దేశమైంది, దాని టికెట్లూ వేరే. మామూలు టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంకో 5. ఆ ఐదూ పెట్టడం మంచిది, లేకపోతే గోడ వెంబడి బారెడు వరుసలో ఎండలో నిలబడాలి. ఆదివారాలు మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం పొద్దుట పూట ఉచితం, ఆ రోజు జనం విపరీతం. సెయింట్ పీటర్ బసిలికా ప్రవేశం అందరికీ ఉచితం. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. మన చీర, చుడీదారు సరిపోతాయి. చేతులు లేని జాకెట్టు వేసుకుంటే భుజం మీద పైట నిండుగా కప్పుకోవాలి, అంతే. పాంథియోన్ కూడా పాస్‌లో రాదు. 2023 జులైలో దానికి 5 యూరోల టికెట్ పెట్టారు. హేడ్రియన్ చక్రవర్తి కట్టించిన ఆ గుమ్మటం అడ్డంగా 43 మీటర్ల పైనే ఉంటుంది. ఇనుప ఊచ లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. ఆ ధరకు రోమ్‌లో ఇంతకు మించిన బేరం లేదు.

విమానాశ్రయం రైళ్ళూ పాస్‌లో లేవు. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి ఊరి ప్రధాన స్టేషన్ తెర్మినీకి ఆగకుండా వెళ్ళే లియొనార్దో ఎక్స్‌ప్రెస్ 14 యూరోలు, 32 నిమిషాలు. అదే విమానాశ్రయం నుంచి ఎఫ్‌ఎల్1 అనే లోకల్ రైలు 8 యూరోలే, అయితే అది తెర్మినీకి వెళ్ళదు. త్రస్తెవరే, ఒస్తియెన్సె, తిబుర్తీనా స్టేషన్లలో ఆగుతుంది. ఒస్తియెన్సెలో దిగితే పక్కనే పిరమిదె మెట్రో, నీలం రంగు బి లైను, అక్కడి నుంచి నాలుగో స్టేషన్ తెర్మినీ. తెల్ల టాక్సీకి పాత కోట గోడల లోపలి దాకా నిర్ణీత ధర 55 యూరోలు. నలుగురు పంచుకుంటే రైలు ధరే పడుతుంది, ఒక్కరే భరించాలంటే బరువు. అర్ధరాత్రి దిగితే తప్ప ఒంటరివాళ్ళకు టాక్సీ అక్కర్లేదు. కాగితం రైలు టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర కొట్టించాలి. కొట్టించని టికెట్‌కు జరిమానా పడుతుంది.

ఒంటరి మనిషికి సామాను మరో సమస్య. తెర్మినీ చుట్టుపక్కల, మెట్రో ‘ఎ’ లైనులో, తెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సులో జేబుదొంగల బెడద పేరుమోసింది. పాస్‌పోర్టు, పాస్ కార్డు, రెండో బ్యాంకు కార్డు ఒకే సంచిలో పెట్టకండి. పాస్ పోతే పాస్‌తో పాటు కొలోసియం వేళా పోతుంది. విడి టికెట్‌దైతే ఫోనులో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ ఉంటుంది. అత్యవసరానికి నంబరు 112.

వీసా సంగతి క్లుప్తంగా. మన బంధువులు విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్నారని ఆంధ్రా వైపు చూడనక్కర్లేదు. ఒడిశా చిరునామా ఉన్నవారు కోల్‌కతాలోని ఇటలీ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. షెంజెన్ (ఇటలీతో సహా యూరప్ దేశాల ఉమ్మడి) వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, 15 రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టవచ్చు. ఒడియాలో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఒక కాగితం మీద బరంపురం, ఇంకోదాని మీద బ్రహ్మపూర్ అని ఉంటే రెండూ ఒకే ఊరని కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయండి. వీసా చేతికి రాకముందు పాస్ గానీ కొలోసియం టికెట్ గానీ కొనకండి.

పాస్ మానేసి మిగుల్చుకున్న డబ్బు తిండికి బాగా పనికొస్తుంది, ముఖ్యంగా శాకాహారులకు. రోమ్‌లో మాంసం కనిపించని వంటకమంతా శాకాహారం కాదు. ‘కాచో ఎ పెపె’ పాస్తాలో వేసే పెకొరీనో చీజును గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన ఎంజైముతో పేరబెడతారు. పర్మిజానోకు దూడది వాడతారు. ‘సుప్లీ’ అనే అన్నపు బోండాలో సంప్రదాయంగా మాంసం కూర ఉంటుంది. నియమం గట్టిగా పాటించేవాళ్ళకు మారినారా పిజ్జా నిశ్చింతైనది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప అందులో చీజే ఉండదు. ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా దుకాణాల్లో ‘ఉన్ ఎత్తో’ అంటే వంద గ్రాములు ఇస్తారు, ఒక మనిషికి రెండు ఎత్తోలు చాలు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ. నీళ్ళకు సీసా కొనక్కర్లేదు. ‘నసోనీ’ అనే ఇనుప కుళాయిలు ఊరంతా రెండు వేలకు పైగా ఉన్నాయి, వాటి నీరు తాగేదే. బరంపురం అప్పడాలు, ఆవకాయ సీసా తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, పచ్చి కరివేపాకూ వద్దు. తెర్మినీ దగ్గర పియాత్సా వితోరియో సంతలో మన దినుసులు దొరుకుతాయి.

ఇంతా చదివాక, ఏజెంటు ఇప్పటికే 72 గంటల పాస్ కొనేసి ఉంటే దాన్ని వృథా పోనివ్వకుండా వాడే పద్ధతి ఇది. పాస్ గడియారం రోజులతో కాదు, గంటలతో నడుస్తుంది. మొదటిసారి మెట్రో గేటు దగ్గరో మ్యూజియంలోనో వాడిన క్షణం నుంచి 72 గంటలు. కాబట్టి సాయంత్రం దిగిన రోజున దాన్ని ముట్టుకోకండి. మర్నాడు కొలోసియం వేళకు అరగంట ముందు మెట్రోలో మొదలుపెట్టండి. ఉచితం మీరు కోరుకున్న రెండింటికి కాదు, మీరు మొదట వెళ్ళిన రెండింటికి. కాబట్టి చూడదలచిన చోట్ల ధరలు కాగితం మీద పక్కపక్కన రాసుకుని, ఎక్కువ ధరవి రెండూ ముందు పెట్టుకోండి. కొలోసియం, ఫోరం, పలటైన్ పూర్తయ్యాక మధ్యాహ్నం ఎదురుగా కనిపించే కొండ మీది కాపిటోలిన్ మ్యూజియంకు ఎక్కండి. సాయంత్రం ఏడున్నర దాకా తెరిచి ఉంటుంది. చౌకులో గుర్రం మీదున్న మార్కస్ ఆరీలియస్ విగ్రహం నకలు, అసలు కంచు విగ్రహం లోపలుంది. రెండో రోజు వాటికన్, దానికి వేరే టికెట్. అక్కడి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న కాస్తెల్ సాంతాంజెలో అనే పాత కోటకు పాస్ తగ్గింపు వర్తిస్తుంది, అది సోమవారం మూత. మూడో రోజు పిరమిదె మెట్రో పక్కనున్న పోర్తా సాన్ పావ్లో స్టేషన్ నుంచి పాస్ మీదే రైలెక్కి ఒస్తియా అంతీకా చేరండి. పాత రోమ్ రేవు పట్టణం అది, గోపాల్‌పూర్ సముద్రం చూసి పెరిగినవాళ్ళకు మనసు పట్టే చోటు. అదీ సోమవారం మూసి ఉంటుంది. ఆ రోజు కాళ్ళకు దళసరి అడుగున్న బూట్లు వేసుకోండి, అక్కడి రాతి బాటలు చెప్పులకు లొంగవు.